ఊరపిచ్చుక నిజంగా తగ్గిందా? తెలుగు నేల మీద పిచ్చుకల లెక్కపై తరచుగా అడిగే ప్రశ్నలు

మార్చి 20 ప్రపంచ పిచ్చుకల దినం. 2010 నుంచి ఏటా జరుపుతున్నారు. ఆ వారం రాగానే పక్షుల్ని చూసే మాలాంటి వాళ్ళకు ఫోన్లు, వాట్సాప్ సందేశాలు మొదలవుతాయి. అడిగేవాళ్ళు మారినా అడిగేది దాదాపు ఒకటే. ఇన్నాళ్ళూ ఒక్కొక్కరికీ విడివిడిగా చెబుతూ వచ్చినవన్నీ ఇక్కడ ఒకచోట రాశాను. నేను శాస్త్రవేత్తను కాను. హైదరాబాద్‌లో ఉంటూ, పొద్దున్నే వీధుల్లో తిరిగి పక్షుల జాబితా రాసుకునే మనిషిని.

ఒక్క ముక్కలో చెప్పండి: పిచ్చుకలు అంతరించిపోతున్నాయా?

లేదు. దేశం మొత్తం మీద ఊరపిచ్చుకల సంఖ్య పాతికేళ్ళకు పైగా దాదాపు నిలకడగా ఉంది. పెద్ద నగరాల్లో మాత్రం మెల్లగా తగ్గుతూ వస్తోంది. బెంగళూరు, చెన్నై, ఢిల్లీ, కోల్‌కతా, ముంబైలతో పాటు హైదరాబాద్ కూడా ఆ జాబితాలో ఉంది. ఈ రెండు మాటలూ మన దేశ పక్షుల స్థితిగతులపై 2020 ఫిబ్రవరిలో వెలువడిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదికలోవే. మొదటి మాట చెబితే చాలామంది నమ్మరు. రెండోదొక్కటే చెబితే ‘అయితే అయిపోయినట్టే’ అనుకుంటారు. రెండూ కలిపి వింటేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఏ జీవి ఎంత ప్రమాదంలో ఉందో తేల్చే ఐయూసీఎన్ జాబితాలోనూ పిచ్చుక అతి తక్కువ ఆందోళన ఉన్న వర్గంలోనే ఉంది. అంచున నిలబడ్డ పిట్ట ఎలా ఉంటుందో మన కడప జిల్లాకు బాగా తెలుసు. 1900 తర్వాత ఎవరికీ కనబడని కలివికోడి 1986లో అక్కడ మళ్ళీ దొరికింది. దాని జాడ కోసం ఏళ్ళ తరబడి వెతికారు, ఇప్పటికీ వెతుకుతున్నారు. పిచ్చుకది ఆ పరిస్థితి కాదు.

మీరు చెప్పేది ఏ పిచ్చుక గురించి? గిజిగాడు కూడా పిచ్చుకే కదా?

కొన్ని ఊళ్ళలో గిజిగాణ్ణి కూడా పిచ్చుక అనే పిలుస్తారు. అక్కడే లెక్క తారుమారవుతుంది. తాటిచెట్టుకో, బావి మీదికి ఒంగిన తుమ్మకొమ్మకో వేలాడే అల్లిక గూడు గిజిగాడిది. ఊరపిచ్చుకకు అల్లడం రాదు. ఏదో ఒక కన్నంలో, చూరులో, ఫోటో పటం వెనక ఎండుగడ్డి, ఈకలు, దారప్పోగులు కుక్కి అదే గూడంటుంది. మగదానికి గొంతు కింద నల్ల మచ్చ, బూడిదరంగు నెత్తి, కంటి వెనక నుంచి మెడదాకా ఇటుకరంగు ఉంటాయి. ఆడది ఒళ్ళంతా మట్టిరంగు, కంటి వెనక లేతగా ఒక గీత.

ఇంకొకటి ఉంది, చాలామందికి తెలియనిది. విశాఖ వైపు తూర్పు కనుమల్లో చెట్టుపిచ్చుక అనే దగ్గరి చుట్టం కనిపిస్తుంది. దాని నెత్తి బూడిదరంగు కాదు, గోధుమరంగు. తెల్లటి బుగ్గ మీద నల్లచుక్క ఉంటుంది. ఆడా మగా ఒకేలా ఉంటాయి. మన దేశంలో అది ప్రధానంగా హిమాలయాల్లో, ఈశాన్యంలో ఉండే పిట్ట. ఇంత దూరాన విడిగా ఇక్కడొక గుంపు ఉండటం 1970ల్లోనే నమోదైంది. మన్యం వైపు వెళితే ఇళ్ళ చూరుల మీద వాలినవాటి బుగ్గలు ఒకసారి చూడండి.

పిచ్చుక పాడదు కదా, పాటపక్షి ఎలా అవుతుంది?

శాస్త్రవేత్తలు పాట తీయదనాన్ని చూసి ఆ పేరు పెట్టలేదు. గొంతులో స్వరపేటిక నిర్మాణాన్ని బట్టి, పుట్టుక సంబంధాన్ని బట్టి పెట్టారు. ఆ లెక్కన కాకి కూడా పాటపక్షే. మగపిచ్చుక గూటి దగ్గర కూర్చుని గంటల తరబడి ‘చిరప్, చిరప్’ అనడమే దాని పాట.

మా చిన్నప్పుడు ఇంటినిండా పిచ్చుకలే. ఇప్పుడు ఒక్కటీ లేదు. మీరు నిలకడగా ఉందంటారేమిటి?

మీ జ్ఞాపకం అబద్ధం కాదు. కానీ అది ఒక ఇంటి లెక్క. ఆ ఇల్లు మారింది, మీరూ మారారు.

మా అమ్మమ్మగారి ఊరు గోదావరి జిల్లాలో. పెంకుటిల్లు, నాలుగు వైపులా వాలు కప్పు, వసారాలో ధాన్యపు బస్తాలు. దూలానికీ వాసాలకూ మధ్య ప్రతి సందులో ఒక గూడు. వేసవి సెలవుల్లో వెళితే, పైనుంచి రాలిపడిన పిల్లల్ని మళ్ళీ గూట్లో పెట్టడమే మా పని. పదిహేనేళ్ళ కిందట ఆ ఇల్లు తీసేసి డాబా కట్టారు. పిచ్చుకలు పోయాయని ఇంట్లో అందరం బాధపడ్డాం. నేను జాబితాలు రాయడం మొదలుపెట్టాక, ఒక సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఊరంతా తిరిగి చూశాను. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల పశువుల సావిడి ఉంది. దాని రేకుల కింద గోలగోలగా ఉన్నాయి. రైస్ మిల్లు దగ్గర ఇంకా ఎక్కువ. ఊళ్ళో పిచ్చుక ఉంది, మా ఇంట్లో లేదు. ఇన్నేళ్ళూ మేం ఈ రెంటినీ ఒకటే అనుకున్నాం.

అలాగని ఎక్కడా తగ్గలేదని నేననను. పల్లె విడిచి నగరంలో అపార్ట్‌మెంట్‌కు వచ్చినవాళ్ళు రెండు వేర్వేరు చోట్లను రెండు వేర్వేరు కాలాలుగా పోలుస్తున్నారు. నగరంలో అదే వీధిలో నలభై ఏళ్ళుగా ఉంటూ ‘తగ్గాయి’ అనేవాళ్ళ మాటకు నేను ఎక్కువ విలువిస్తాను.

ఆంధ్రప్రదేశ్‌లో 80 శాతం తగ్గాయని పత్రికల్లో చదివాను. అది తప్పా?

ఆ అంకె భారత వ్యవసాయ పరిశోధన మండలి పేరుతో ఏటా మార్చిలో తిరిగి తిరిగి అచ్చవుతుంది. నేనైతే దాన్ని వాడను. 80 శాతం తగ్గిందని చెప్పాలంటే మొదట ఎన్ని ఉండేవో తెలియాలి. రెండు కాలాల్లోనూ ఒకే పద్ధతిలో, ఒకే చోట్ల లెక్కపెట్టి ఉండాలి. మన రాష్ట్రాల్లో పిచ్చుకలను అలా దశాబ్దాల పాటు వరుసగా లెక్కపెట్టిన రికార్డు లేదు. జనాన్ని అడిగి రాబట్టిన అంచనా జనం ఏమనుకుంటున్నారో చెబుతుంది. అదీ పనికొచ్చేదే, కానీ పిట్టల లెక్క వేరు.

2012లో ‘సిటిజన్ స్పారో’ అని దేశవ్యాప్తంగా ఆన్‌లైన్ సర్వే ఒకటి జరిగింది. ఇప్పుడు మీ దగ్గర పిచ్చుకలున్నాయా, వెనకటి కాలంలో ఉండేవా అని అడిగారు. 5 వేల మందికి పైగా జవాబిచ్చారు. దాన్ని నడిపినవాళ్ళు ఇది జ్ఞాపకాల మీద ఆధారపడిన సర్వే అని మొదట్లోనే స్పష్టంగా చెప్పారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

పాతకాలంలో ఎవరూ లెక్కపెట్టలేదా?

పక్షుల్ని చూశారు, పిచ్చుకల్ని లెక్కపెట్టలేదు. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. ఏ జాతి ఎక్కడ ఉందో నమోదు చేయడం ఆ సర్వేల ఉద్దేశం. సంఖ్యలు కట్టడం కాదు. పిచ్చుకల్ని ఎంచి కూర్చోవాలన్న ఆలోచన ఆ రోజుల్లో ఎవరికి వస్తుంది? ఇంటి పిట్ట, రోజూ కాళ్ళకు అడ్డం పడేది. అరుదైనదాన్ని రాసిపెట్టుకుంటాం, నిత్యం కనిపించేదాన్ని వదిలేస్తాం. దాని ఫలితమే ఇప్పటి ఈ గందరగోళమంతా.

సలీం అలీ పక్షుల దారి పట్టింది కూడా ఒక పిచ్చుక వల్లే. చిన్నతనంలో ఎయిర్‌గన్‌తో కొట్టిన పిట్ట గొంతు మీద పసుపుమచ్చ చూసి, ఇదేమిటో కనుక్కుందామని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పట్టుకెళ్ళారు. అది పసుపుగొంతు పిచ్చుక. మన దగ్గరా ఉంటుంది.

మరి 2020 నివేదిక ఏ ఆధారంతో నిలకడగా ఉందంది?

దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అపార్థాలన్నీ ఇక్కడే పుడుతున్నాయి.

ఒక మనిషి పావుగంటో, గంటో ఒకచోట తిరిగి, చూసిన ప్రతి జాతినీ, విన్న ప్రతి జాతినీ వదలకుండా రాస్తాడు. దాన్ని పూర్తి జాబితా అంటాం. అది ‘ఈబర్డ్’ అనే ఆన్‌లైన్ వేదికలోకి ఎక్కుతుంది. 2020 నివేదిక కోసం దాదాపు 15,500 మంది ఇచ్చిన కోటికి పైగా పరిశీలనలు వాడారు. ఒక కాలంలో వంద జాబితాలుంటే వాటిలో ఎన్నింటిలో పిచ్చుక ఉందో చూస్తారు. యాభైలో ఉందనుకోండి, ఇరవై ఏళ్ళ తర్వాత వందలో యాభైలోనే ఉంటే నిలకడ, ముప్ఫైకి పడితే తగ్గుదల. పొడవైన జాబితాలో ఏ పిట్టయినా దొరికే అవకాశం ఎక్కువ కనుక ఆ తేడాను కూడా సరిచేస్తారు. 2000కి ముందు కాలాన్ని వందగా పెట్టుకుని మిగతా ఏళ్ళను దానితో పోలుస్తారు.

ఈ పద్ధతికి బలం ఉంది, లోపమూ ఉంది. నలభై పిచ్చుకల గుంపు నాలుగుకు పడిపోయినా జాబితాలో ‘పిచ్చుక ఉంది’ అనే పడుతుంది. గుంపు పలచబడటం మొదట్లో ఈ లెక్కకు చిక్కదు. ఇంకొకటి, మా పక్షులవాళ్ళం చెరువులకూ అడవులకూ వెళ్ళినంతగా గల్లీలకు వెళ్ళం. పాతికేళ్ళ కిందటి జాబితాలు ఇప్పటితో పోలిస్తే బాగా తక్కువ కూడా. అందుకే నగరాల్లో అసలు తగ్గుదల లెక్కకు కనిపించినదానికన్నా ఎక్కువే ఉండొచ్చని నా నమ్మకం. దేశం మొత్తానికి చెప్పిన ‘నిలకడ’ను మాత్రం కొట్టిపారేయలేను. హైదరాబాద్ దాటి ఏ మండల కేంద్రంలో దిగి బస్టాండు దగ్గర టీ తాగినా పిచ్చుక గొంతు వినిపిస్తూనే ఉంటుంది.

దీనికన్నా గట్టి లెక్క ఉందా?

ఉంది. అట్లాస్ అంటారు. నేలను గళ్ళుగా కోసి, ఎంపిక చేసిన గళ్ళన్నింట్లో ఒకే పద్ధతిలో, ఒకే కాలవ్యవధిలో లెక్కిస్తారు. చెరువు బాగుందని అక్కడికి వెళ్ళడం, గల్లీ బాలేదని మానడం కుదరదు. కేరళ 2015 నుంచి 2020 దాకా వెయ్యిమందికి పైగా స్వచ్ఛంద కార్యకర్తలతో రాష్ట్రమంతటికీ ఆ పని చేసింది. హైదరాబాద్‌లో 2025లో బర్డ్ అట్లాస్ మొదలైంది. 1980 నుంచి పనిచేస్తున్న పక్షి ప్రేమికుల సంఘం, ఇప్పటి డెక్కన్ బర్డర్స్, అందులో ఒక భాగస్వామి. ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరైనా ‘హైదరాబాద్‌లో పిచ్చుకలు ఎంత తగ్గాయి’ అని అడిగితే పోల్చి చూపించడానికి ఒక మొదటి మెట్టు ఉంటుంది. నా వరకు ఇది గూడుపెట్టెలు పంచడం కన్నా పెద్ద పని.

సెల్ టవర్ల వల్లే కదా ఇదంతా?

అన్నిటికన్నా ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇది. అలా అని రుజువు కాలేదు.

మాట ఎక్కడ పుట్టిందో చెబుతాను. స్పెయిన్‌లోని వల్యదోలీద్‌లో, బెల్జియంలో 2007లో వెలువడిన రెండు అధ్యయనాల్లో విద్యుదయస్కాంత తరంగాల తీవ్రత ఎక్కువున్న చోట్ల పిచ్చుకలు తక్కువ కనిపించాయి. కానీ టవర్లు ఎక్కువున్న చోటే భవనాలూ ఎక్కువ, చెట్లు తక్కువ, పురుగులు తక్కువ. రెండూ ఒకచోట ఉన్నంత మాత్రాన ఒకటి ఇంకొకదానికి కారణం కాదు. మన కేంద్ర పర్యావరణ శాఖ కూడా 2010లో నిపుణుల కమిటీ వేసి, తర్వాత జాగ్రత్తగా ఉండమని సూచనలిచ్చింది.

కాలాన్ని బట్టి చూడండి. బ్రిటన్‌లో పిచ్చుకల తగ్గుదల 1970ల చివర్లోనే మొదలైంది. అక్కడ సెల్‌ఫోన్ సేవలు వచ్చింది 1985లో. మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జులైలో. ఇవాళ మన పల్లెల్లోనూ టవర్లున్నాయి, వాటి పక్కనే పిచ్చుకలూ ఉన్నాయి. తరంగాల ప్రభావం అసలు ఉండదని తేల్చి చెప్పడానికి నేనెవర్ని? నా అభ్యంతరం ఒక్కటే. తప్పంతా టవర్ మీద వేస్తే మన చేతుల్లో ఉన్న కారణాలను చూడటం మానేస్తాం.

మరి అసలు కారణాలేమిటి?

మొదటిది, పిల్లలకు పురుగులు లేకపోవడం. పెద్ద పిచ్చుక గింజలు తిని బతుకుతుంది కానీ, గుడ్డు నుంచి వచ్చిన పిల్లకు తొలి రోజుల్లో గొంగళిపురుగులు, పేనుబంక, సాలీళ్ళు వంటి మెత్తటి పురుగులే తిండి. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో జరిగిన పరిశోధనలో పురుగులు తక్కువ దొరికిన చోట పిల్లలు బక్కచిక్కి గూట్లోనే చనిపోవడం గమనించారు. పక్కింటాయన రోజూ గుప్పెడు నూకలు చల్లినా ఆ పిల్ల బతకదు. మన కాలనీల్లో జరుగుతున్నది చూడండి. మందార, గోరింట, నందివర్ధనం, గోడ మీద పాకిన చిక్కుడుతీగ పోయాయి. వాటి చోట సిమెంటు, టైల్స్, పురుగు పట్టని కుండీమొక్కలు వచ్చాయి. పురుగు పట్టని మొక్క చూడటానికి బాగుంటుంది. పిచ్చుక పిల్లకు మాత్రం అది ఖాళీ పళ్ళెం.

రెండోది గూటి చోటు. పెంకుల సందు, తాటాకు చూరు, మట్టిగోడలో దీపపు గూడు, పాత బంగళాల వెంటిలేటర్లు, ఇవన్నీ కన్నాలు. ఇప్పటి భవనానికి కన్నం ఉండదు, ఉంటే జాలీ కొడతాం.

మూడోది రాలిపడే గింజ. ఇంట్లో చేటతో బియ్యం చెరిగేవాళ్ళు, నూకలు వాకిట్లో పడేవి. కిరాణాకొట్టు ముందు నోరు విప్పిన బస్తాలుండేవి. ఇప్పుడు ఇరవై అయిదు కిలోల సంచి కుట్టుతోనే ఇంటికొస్తోంది. హైదరాబాద్‌లో పాత గంజ్‌ల చుట్టూ, హోల్‌సేల్ దుకాణాల వీధుల్లో పిచ్చుకలు ఇంకా నిలబడ్డాయి. గింజా ఉంది, పాత షట్టర్ల పైన సందులూ ఉన్నాయి.

జబ్బులు కూడా ఉన్నాయి. లండన్‌లో 2019లో వెలువడిన అధ్యయనంలో పరీక్షించిన పిచ్చుకల్లో సగటున 74 శాతానికి పక్షి మలేరియా క్రిమి కనిపించింది.

దీనికి తోడు దాని స్వభావం. పిచ్చుక పుట్టినచోటికి కిలోమీటరు, రెండు కిలోమీటర్ల లోపే బతుకంతా గడిపేస్తుంది. ఒక కాలనీలో గుంపు చెదిరిపోతే, దూరం నుంచి వచ్చి ఆ చోటు నింపేవాళ్ళుండరు.

ఇతర దేశాల్లో ఎలా ఉంది?

మనకన్నా దారుణం. యూరప్‌లో 1980 తర్వాత దాదాపు 24.7 కోట్ల ఊరపిచ్చుకలు తగ్గాయని 2021లో లెక్కతేల్చారు. అంత కచ్చితంగా చెప్పగలిగారంటే కారణం అక్కడ దశాబ్దాలుగా ఏటా లెక్కపెట్టడమే. పారిస్‌లో 2003-2016 మధ్య 73 శాతం పడిపోయాయి. అమెరికాకు 1850ల ప్రాంతంలో బ్రూక్లిన్ ద్వారా తీసుకెళ్ళి వదిలిన పిట్ట ఇది. అక్కడా 1966 నుంచి సాగుతున్న సర్వేలో బాగా తగ్గుతూ వచ్చింది. పరాయి పిట్ట కనుక అక్కడ దాని కోసం బాధపడేవాళ్ళు తక్కువ. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలు సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో చూసి ‘మన పిచ్చుకే’ అని ఫోటో పంపితే, అవును, అదే జాతి.

చైనాలో పిచ్చుకల్ని చంపితే కరువొచ్చిందంటారు?

1958లో మొదలైన ‘నాలుగు చీడల’ నిర్మూలన ఉద్యమంలో చంపింది ప్రధానంగా చెట్టుపిచ్చుకల్ని. పురుగులు పెరిగి పంటలు దెబ్బతిన్నాక 1960లో ఆ నాలుగు చీడల జాబితాలోంచి పిచ్చుకను తీసి నల్లిని చేర్చారు. కరువుకు అదొక్కటే కారణం కాదు, ప్రభుత్వ విధానాలు కూడా పెద్ద కారణం.

గూడుపెట్టె కడితే వస్తాయా?

చుట్టుపక్కల పిచ్చుకలుంటే రావచ్చు, అసలు లేనిచోట పెట్టె కట్టి పిలిస్తే రావు. కట్టేవాళ్ళు కొన్ని చూసుకోండి. కన్నం 32 మిల్లీమీటర్లు చాలు, పెద్దదైతే గోరింక ఆక్రమిస్తుంది. నేల నుంచి రెండు, మూడు మీటర్ల ఎత్తున, పిల్లి ఎక్కలేని గోడకు కట్టండి. మన ఎండలకు పడమటి ముఖం పనికిరాదు. లోపల రంగు వేయొద్దు. ముందు కూర్చునే పుల్ల అక్కర్లేదు, దానివల్ల కాకికి సుఖం. పిచ్చుకలు గుంపు జీవులు, ఒక్కటి కాకుండా రెండు మూడు పెట్టెలు దగ్గర దగ్గరగా ఉంటే మేలు. సీలింగ్ ఫ్యాన్ తిరిగే వరండాలో మాత్రం దయచేసి కట్టకండి.

మూడు నుంచి అయిదు గుడ్లు పెడుతుంది. రెండు వారాల లోపే పొదుగుతుంది, ఇంకో రెండు వారాలకు పిల్లలు ఎగిరిపోతాయి. ఏడాదిలో రెండు మూడుసార్లు పిల్లల్ని తీయగలదు. తిండి అందితే త్వరగా కోలుకునే జాతి.

వరికంకులు వేలాడదీయడం మంచిదేనా?

చాలా మంచిది. కొత్త పంట రాగానే గోదావరి జిల్లాల్లో వరికంకుల్ని కుచ్చులుగా అల్లి గుమ్మాలకూ గుళ్ళలోనూ కట్టే అలవాటు ఉంది. పిట్ట కోసం ఇంటి ముందు భోజనం కట్టిన మనుషులు మనవాళ్ళు. నగరంలో కుచ్చు దొరక్కపోతే నూకలు, కొర్రలు, సజ్జలు చాలు. ఉప్పు వేసినవి, నూనె మిగుళ్ళు పెట్టొద్దు. వేసవిలో వెడల్పాటి మట్టి మూకుడులో నీళ్ళు పెట్టి రోజూ మార్చండి. వీలైతే పక్కనే ఒక గుబురు పొద పెంచి దానికి పురుగుమందు కొట్టకండి. ఇందాక చెప్పిన పిల్లల తిండి అక్కడే పుడుతుంది.

పిచ్చుక పరవాలేదంటే, మేం దిగులు పడాల్సింది దేని గురించి?

పాలపిట్ట గురించి. దసరా నాడు చూస్తే శుభమని ఊరి బయటికి వెళ్ళి వెతికే పిట్ట, తెలంగాణ రాష్ట్రపక్షి. ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ 2023 నివేదిక ప్రకారం ఇటీవలి కాలంలో దాదాపు 30 శాతం తగ్గింది. దాని స్థితిని ఐయూసీఎన్ మళ్ళీ పరిశీలించాలని కూడా ఆ నివేదిక కోరింది. అది పాటపక్షి కాదు, పిచ్చుకలా ఇంట్లోకీ రాదు. అందుకే తగ్గినా చప్పుడు లేదు.

నేనూ లెక్కపెట్టాలంటే ఏం చేయాలి?

ఈబర్డ్ యాప్ ఉచితం. పావుగంట కేటాయించి ఒకేచోట నిలబడండి, లేదా ఒకే వీధిలో నడవండి. చూసిన జాతులన్నీ, ఒక్కొక్కటి ఎన్నో రాయండి. ‘ఉంది’ అని ఊరుకోకుండా అంకె వేయండి, ఎందుకో పైన చెప్పాను. ఫిబ్రవరి నడుమ నాలుగు రోజులు ‘గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్’ జరుగుతుంది, మొదలుపెట్టడానికి మంచి సమయం. అదే వీధి, అదే వేళ, ఏడాదికి నాలుగుసార్లయినా సరే. సొంతూరు వెళ్ళినప్పుడు అక్కడా రాయండి. మన పల్లెల నుంచి వచ్చే జాబితాలు మరీ తక్కువ.

మా వీధిలో ఒక్క పిచ్చుకా లేదు. రాయడం దండగ కదా?

దండగ కాదు. పిచ్చుక లేని పూర్తి జాబితా కూడా లెక్కే. అలాంటివి రాయకపోతే ‘వందలో యాభై’ అన్న లెక్కకు వంద ఎక్కణ్ణుంచి వస్తుంది? మొన్న ఆదివారం మా కాలనీలో రాసిన జాబితా ఇది: పావురాలు 34, కాకులు 9, గోరింకలు 6, బుల్‌బుల్ జంట, తేనెపిట్ట ఒకటి. పిచ్చుక లేదు. అక్కణ్ణుంచి నాలుగు వీధులు దాటి, పప్పుల హోల్‌సేల్ కొట్టు దగ్గర ఇంకో పావుగంట నిలబడ్డాను. షట్టర్ పెట్టె పైన మగవి అయిదు, ఆడవి ఆరు, ఒకదాని ముక్కున పచ్చటి గొంగళిపురుగు.